బావ బిగించిన పళ్ళచక్రాలు

ఆ కాలంలో మా పక్క ఏ మంచి పని మాట ఎత్తినా దాని వెనకాలే "వాన పడనీలే" అని ఒక తోక తగిలించేవాళ్ళు. ఇంటికి సున్నం కొట్టించాలన్నా వాన పడనీలే, అమ్మకు కంటి అద్దాలు చేయించాలన్నా వాన పడనీలే. ఇక పెళ్ళిళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. చెనిక్కాయ, అదే వేరుశనగ, చేతికొస్తేనే మా ఊళ్ళో పందిళ్ళు లేచేవి, వాన పడితేనే చెనిక్కాయ. కాబట్టి మా ఊళ్ళో పెళ్ళి కావలసిన పిల్లలమంతా పొద్దున లేస్తూనే ముందు ఆకాశం వైపు చూసేవాళ్ళం. (పెద్దవాళ్ళు పైరు కోసం చూసేవాళ్ళు. మేము దేనికోసం చూసేవాళ్ళమో వాళ్ళు అడగలేదు, మేమూ చెప్పలేదు.) నాకూ మా మేనత్త కొడుక్కీ పెళ్ళన్న మాట నేను ఉయ్యాలలో ఉండగానే అనుకున్నారట. కాదన్నవాళ్ళు ఎవరూ లేరు. అలాగని ముహూర్తం పెట్టినవాళ్ళూ లేరు. వరసగా కొన్నేళ్ళు ఆ మాట వాన దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో మబ్బు బాగా పట్టి, ఇదిగో పడుతుంది అనుకునేలోపల గాలికి కొట్టుకుపోతే నాకు నిజంగానే ఏడుపొచ్చేది. మా నాయన నా కళ్ళు చూసి, "పిల్లకు సేద్యం మీద ఎంత బాధ ఉండాదో చూడు" అని అమ్మతో మురిసిపోయేవాడు.

అప్పుడు నేను ఎలాగో డిగ్రీ గట్టెక్కి, గుట్ట మీది పల్లెలో విద్యా వాలంటీరుగా చేరాను. మా ఊరు శింగనమలకు ఈవల, పల్లపు నేలలో ఉంటుంది. ఆ పల్లెకు బస్సు ఉండేదట. కరువుకు సగం ఊరు బెంగళూరుకు కూలికి పోయాక ఎక్కేవాళ్ళు లేక మానేశారు. అందుకని నాకు ఒక నల్ల లేడీస్ సైకిలు గతి. ఆషాఢంలో మా సీమలో వీచే గాలి సంగతి చెబితే వేరే జిల్లాల వాళ్ళు నమ్మరు. పొద్దున నేను పడమటికి పోవాలి, గాలి పడమటి నుంచి రావాలి. పైగా దారంతా ఎక్కుడు. సగం దూరం తొక్కి, సగం దూరం నెట్టి, కొంగు ఒకపక్క, జడ ఒకపక్క ఎగురుతుండగా నేను గాలిని తిట్టుకుంటూ పోయేదాన్ని. గొంతెత్తి, పేరు పెట్టి తిట్టేదాన్ని. నాకు నోరెక్కువ. మా ఊరి బస్సు డ్రైవరు నుంచి కోటా బియ్యం ఇచ్చే ఆయన దాకా నా చేత మాట పడనివాళ్ళు లేరు. "ఈ నోటికి ఎవుడొస్తాడో" అని అమ్మ అంటూ ఉండేది. ఎవడు రావాలో నాకు తెలుసు గనుక నేను పట్టించుకునేదాన్ని కాదు. ఇంత తిట్టినా గాలి మాత్రం తగ్గేది కాదు. నేను బడికి చేరేసరికి పిల్లలు ప్రార్థన ముగించేసి కూర్చుని, నన్ను చూసి పాపం మళ్ళీ లేచి మొదటి నుంచీ పాడేవాళ్ళు.

బావ పుట్టపర్తిలో ఒక లాడ్జిలో పని చేసేవాడు. గదులకు వేడినీళ్ళు అందించడం, సామాన్లు మోయడం, ఊరు కొత్తవాళ్ళకు దారి చూపించడం. దేశదేశాల వాళ్ళతో రోజంతా ఏ భాషలో ఏం మాట్లాడేవాడో గానీ, మా ఇంటికొస్తే మాత్రం నాలుగు మాటలకు మించి దొర్లేవి కావు. "బాగుండావా?" "అత్త బాగుండాదా?" "అట్లనా." "వస్తా." అంతే. నేను పది మాటలంటే తను నవ్వేవాడు. ఆ నవ్వుకు నేను ఇంకో పది అనేదాన్ని. మా ఇద్దరి మధ్యా సంభాషణ అంటే అదే, నాకు అది చాలా బాగుండేది. నా ఎక్కుడు బాధ, ఎదురుగాలి బాధ అంతా అలా ఒక్కదాన్నే మాట్లాడుతూ చెప్పుకున్నానొకసారి. విని ఊరుకున్నాడనుకున్నాను. కొన్నాళ్ళకు లాడ్జిలో నెలల తరబడి ఉన్న ఒక తెల్లాయన వాళ్ళ దేశం పోతూ పోతూ తన గేరు సైకిలు బావకు ఇచ్చిపోయాడట. వెనక చక్రం పళ్ళు అరిగిపోయి గొలుసు జారుతోందట. అది బాగు చేసి నాకు తెస్తానని బావ మా అమ్మతో అన్నాడు. నాతో అనలేదు, అమ్మతో.

అంతలో ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బస్సు కండక్టరు. "వానతో పనిలేని కొలువు పాపా" అన్నాడు నాయన. "పడినా టిక్కెట్టే, పడకున్నా టిక్కెట్టే. వాళ్ళు ఏమీ అడగల్యా. ఆ పిల్లోనికి బుధవారం సెలవంట. వచ్చి చూసిపోతామంటాండారు."

"నాకొద్దు నాయనా."

"చూసిపోతారంతే మే. చూస్తే అరిగిపోతావా?"

బావ సంగతి ఏమిటని నేను అడగలేదు. నాయనా ఎత్తలేదు. కానీ ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుని "నా చెల్లెలు నోరు తెరిచి అడిగితే నేను కాదంటానా? వాళ్ళే ఊరకుండారు" అని గోడకు చెబుతున్నట్టు అన్నాడు. వాళ్ళేమో మేనమామ పిలిచి చెప్తాడని కాచుకుని ఉన్నారు. ఇద్దరికీ మధ్య ఒక్క మాట కావాలి. ఆ మాట బావే వచ్చి అడిగితే ఒక పూటలో తేలిపోతుంది. మర్నాడే నేను అనంతపురం పోయి టెలిఫోను బూత్ నుంచి లాడ్జికి ఫోను చేశాను.

"బావా, బుధవారం నన్ను చూసేదానికి వస్తాండారు."

ఎదురుగా మీటరు గిరగిరా తిరుగుతోంది.

"అట్లనా" అన్నాడు చివరికి. తర్వాత, "ఆదివారం వస్తాలే. సైకిలు కూడా తెస్తా."

ఆ 'కూడా' అన్న మాట పట్టుకుని నేను బూత్ నుంచి బస్టాండు దాకా నడిచాను. సైకిలు 'కూడా' అంటే, అసలు పని ఇంకొకటి ఉన్నట్టే కదా. దారిలో అమ్మకు ఒక మూర మల్లెపూలు కొన్నాను. నాకు కొనుక్కోవడానికి సిగ్గేసింది.

ఆదివారం పన్నెండు గంటల బస్సు పైనుంచి బావ సైకిలు దించాడు. ఎరుపు రంగు, లావు టైర్లు, నడుమ కమ్మీ ఏటవాలుగా. చంకలో ఒక కాగితం పొట్లం. నన్ను చూసి మొదట అన్న మాట, "క్యాసెట్ తెచ్చినా." (పాటల క్యాసెట్ కాదు. వెనక చక్రం నడుమ ఉండే హబ్బు మీద చిన్నవీ పెద్దవీ పళ్ళచక్రాలు ఒకదాని పక్కన ఒకటి గుత్తిగా ఉంటాయి చూడండి, ఆ గుత్తిని వాళ్ళు అలా అంటారట. బెంగళూరు నుంచి యాత్రికులను తెచ్చే టాక్సీ డ్రైవరును బతిమాలి తెప్పించాడు.) చక్రాలు ఇంటి దగ్గర బిగించే వీల్లేదు. మా బస్సు స్టాపులో రేకుల కింద పంక్చర్ చిచ్చా అంగడి ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ సైకిళ్ళన్నీ ఆయన చేతి మీదుగా బతికినవే. మా నాయన వయసు వాడు, నన్ను పిల్లప్పటి నుంచీ ఎరిగినవాడు. చక్రం ఊడదీసి ఆయన ముందు పెట్టగానే ఎక్కడెక్కడి వాళ్ళూ వచ్చి చుట్టూ గొంతుక్కూర్చున్నారు. ఆదివారం, పొలాల్లో పని లేదు, ఇంతకంటే మంచి వేడుక ఏముంటుంది.

పాతది తీయడానికే బోలెడు పొద్దుపోయింది. దానికి ప్రత్యేకంగా ఒక పానా కావాలట. అది మా జిల్లాలో ఎవరి దగ్గరా లేదు. చిచ్చా ఒక పాత గొలుసు ముక్కను కట్టెకు మేకులు కొట్టి బిగించి, దాన్ని పళ్ళకు చుట్టి బావను గట్టిగా పట్టుకోమని, తను ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. చివరనున్న రింగు కొంచెం కొంచెంగా తిరిగి ఊడి వచ్చింది. పాత పళ్ళచక్రాలు జారి కింద పడ్డాయి. లోపల హబ్బు మీద నిలువుగా కోసిన గాళ్ళు కనిపించాయి. బావ పొట్లం విప్పాడు. పెద్ద చక్రాలన్నీ ఒకే గుత్తి, చిన్నవి విడివిడిగా, నడుమ నడుమ పలచటి రింగులు. ప్రతిదాన్నీ తన తువ్వాలుతో తుడిచి, వరస తప్పకుండా గోనె మీద పరిచాడు. నేను ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటి అందిస్తున్నాను. మొదటి గుత్తి ఎలా పెట్టినా ఎక్కదు. తలా ఒక సలహా. ఒకాయన తిరగేసి పెట్టమన్నాడు. ఇంకొకాయన కొంచెం ఆముదం రాయమన్నాడు. గాళ్ళన్నీ ఒకే కొలత కాదని, ఒక గాడి మాత్రం తేడాగా ఉందని, అది కలిస్తేనే ఎక్కుతుందని బావ కనిపెట్టాడు. వేలితో తడిమి తడిమి నాకు చూపించాడు. "ఈడ చూడు" అని నా వేలు పట్టుకుని ఆ గాడిలో పెట్టాడు. పదిమంది మధ్య, కిరసనాయిలు వాసనలో, ఒక్క నిమిషం. గాడి ఏ కొలతలో ఉందో నాకు తెలియలేదు గానీ, చిచ్చా గట్టిగా దగ్గే దాకా నేను వేలు తీయలేదు.

గుత్తి ఎక్కింది. దాని వెనకే చిన్నవి ఒక్కొక్కటీ సర్దుకున్నాయి. అన్నీ అయ్యాక పొట్లంలో కొత్త రింగు ఒకటి మిగిలింది.

"ఇది ఏంటికప్పా?" అన్నాడు చిచ్చా దాన్ని వెలుతురుకు పట్టి.

"చివర బిగియల్లనేమో చిచ్చా. పాతదాంట్లో ఉన్నింది కదా" అన్నాడు బావ.

చిచ్చా నవ్వాడు. "ఫ్రీవీలు అనేది తొక్కేకొద్దీ బిగుసుకుంటాది. దానికి ఇంకొకటి పెట్టి బిగిచ్చేది ఉండదు. మన బండ్లల్లో యాడన్నా ఇట్లాంటిది చూసినావా?"

ఆ మాట నిజమే. మా నల్ల సైకిళ్ళకు వెనక ఒకే పళ్ళచక్రం, అది హబ్బుకు మర తిప్పి ఎక్కిస్తారు, పెడలు తొక్కిన ప్రతిసారీ ఇంకాస్త బిగుస్తుంది. మా చుట్టుపక్కల పుట్టి పెరిగిన ఏ మనిషినడిగినా ఇదే చెప్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. ఇక్కడ చక్రాలు ఎక్కింది మర మీద కాదు, గాళ్ళ మీద, గాళ్ళ మీద ఎక్కింది బిగుసుకోదు అన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

"మరి ఆ తెల్లాయనకు పెట్టినారు కదా" అని బావ నసిగాడు.

"వాళ్ళకు తొక్కే బలం ల్యాక పెట్టుకుంటారు. మన పిల్ల ఆ గుట్ట తొక్కితే యాడికి ఊడతాది?" అని చిచ్చా ఆ రింగును పాత నట్ల డబ్బాలో వేశాడు.

బావ నా వైపు చూశాడు. నేను పొద్దు వైపు చూశాను. ఐదు గంటలకు ఆఖరి బస్సు. ఇంకా ఇంటికి పోవాలి, అన్నం తినాలి, నాయనతో మాట్లాడాలి. ఈ మనిషి రింగు పట్టుకుని కూర్చుంటే అసలు పని ఎప్పుడవుతుంది? "చిచ్చాకు తెలీదా బావా, పాపం నీకు ఆకలేస్తాంటాది, పోదాం పద" అన్నాను.

ఇంట్లో అమ్మ సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి, నెయ్యి పెట్టింది. నాయన ఎదురుగా కూర్చున్నాడు.

"ఆపక్క వానలేమన్నా ఉండాయా అప్పా?"

"లేదు మామా."

"చెరువులో నీళ్ళు?"

"లేవు మామా."

నేను వంటింటి తలుపు వెనక నిలబడి ఉన్నాను. అమ్మ గరిట పట్టుకుని పొయ్యి ముందు ఊరికే కూర్చుంది. చెయ్యి కడుక్కున్నాక బావ గొంతు సవరించుకున్నాడు.

"మామా."

"చెప్పప్పా" అన్నాడు నాయన. ఆ 'చెప్పప్పా'లో ఎంత మెత్తదనం ఉందో నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది. నాయన కూడా కాచుకునే ఉన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎక్కుడులో గొలుసు పెద్ద చక్రం మీద వేసుకోని తొక్కల్ల మామా" అన్నాడు బావ. "సమంగా ఉండే చోట చిన్నదాని మీద వేసుకుంటే వేగంగా పోతాది. హ్యాండిలు మీద మీట ఉండాది, దాన్ని తిప్పితే సరి. పాపకు చెప్పండి."

"మంచిదప్పా" అన్నాడు నాయన. అమ్మ నా చెయ్యి వదిలేసి అంట్లు తోమడానికి పోయింది.

బస్సు స్టాపు దాకా నేనే సాగనంపాను. నా నోరు ఏమైందో నాకు తెలియదు. దారి పొడుగునా ఒక్క మాట రాలేదు. బస్సు ఎక్కుతూ, "బుధవారం ఎన్ని గంటలకు వస్తారంట?" అన్నాడు. "సాయంత్రం ఐదుకు" అన్నాను. "అట్లనా" అన్నాడు. బస్సు పోయింది. అప్పుడు వచ్చాయి మాటలు. ఇంటికి వచ్చేదాకా రోడ్డు మీద ఒక్కదాన్నే తిట్టుకుంటూ వచ్చాను, గాలిని కాదు.

సైకిలు మాత్రం అద్భుతం. సోమవారం పొద్దున గొలుసు పెద్ద చక్రం మీద వేసుకుని గుట్ట ఎక్కుతుంటే నా కాళ్ళ కింద ఎవరో ఎక్కుడును వంచి పెట్టినట్టుంది. ఎదురుగాలి ఎదురుగాలి లాగే ఉంది, కానీ నేను ఆగలేదు, దిగలేదు, తిట్టలేదు. పిల్లలకంటే ముందు బడికి చేరి, తాళం తీసి, వాళ్ళు వస్తుంటే గడపలో నిలబడ్డాను. ఒక పిల్ల నన్ను చూసి ఆలస్యమైపోయిందేమోనని ఏడవడం మొదలుపెట్టింది. ఇంత సుఖం నాకిచ్చినవాడి మీద కోపం ఎంతసేపుంటుంది? తొక్కుతున్నంతసేపూ బావ తువ్వాలుతో ఒక్కొక్క చక్రాన్నీ తుడిచినదే కళ్ళముందు కనబడేది. బుధవారం లోపల వస్తాడు, ఏదో ఒక బస్సుకు దిగుతాడు అనుకున్నాను. వెనక చక్రంలో గలగలమని ఏదో చప్పుడు వస్తోంది. కొత్త సామాను అలాగే ఉంటుందనుకుని అదీ ముచ్చటగానే విన్నాను.

బుధవారం బడి మానమంది అమ్మ. మాననన్నాను. నాయన గడప దాకా వచ్చి, "ఐదు లోపల వచ్చేయ్ పాపా. మాటిచ్చినా, నా మాట పోగొట్టద్దు" అన్నాడు. ఆ ఒక్కటీ నేను కాదనలేను. సాయంత్రం బడి వదిలేసరికి కొంచెం ఆలస్యమైంది. తిరుగు దారి దిగుడు, గాలి వెనకనుంచి. అయినా చాలదని, అప్పటిదాకా భయపడి అంత దూరం తిప్పని మీటను చివరికంటా తిప్పి, గొలుసును అన్నిటికంటే చిన్న చక్రం మీదికి వేశాను. రెండు తొక్కులు బాగానే పోయింది. మూడో తొక్కుకు లోపల ఖణేలుమంది. పెడళ్ళు గిర్రున తిరుగుతున్నాయి, చక్రానికి వాటితో ఏ సంబంధమూ లేదు. గొలుసు ముద్దగా చుట్టుకుని ఇరుక్కుంది. నేనూ సైకిలూ రోడ్డు దిగి, పక్క బీడు నేలలో మేస్తున్న గొర్రెల మందలోకి పోయి పడ్డాం. గొర్రెలు మెత్తగా ఉంటాయి కాబట్టి దెబ్బలు తగల్లేదు.

మేపేవాడు ముసలాయన, కట్టె మీద గడ్డం ఆనించుకుని అంతా చూశాడు. "యాడికమ్మా అంత తొందర?"

"పెండ్లిచూపులకు."

"ఎవురికి?"

"నాకే."

ఆయన నా మొహం తేరిపార చూసి, "అట్లయితే మొగం కడుక్కోని పో తల్లీ" అన్నాడు. నీళ్ళెక్కడున్నాయి అక్కడ? గొలుసు లాగి లాగి మోచేతుల దాకా నల్లనూనె. చెమట తుడుచుకున్నాను గనుక మొహానికీ అదే. తొక్కడానికి లేదు, ఎక్కి కూర్చుంటే దిగుడుకు, గాలికి అదే పోతుంది. అలా కూర్చుని కొంత, నెట్టి కొంత ఇల్లు చేరాను.

వాళ్ళు వచ్చేసి వసారాలో కూర్చుని ఉన్నారు. పెరటి దారిన పోదామంటే అటువైపు అమ్మ, చుట్టూ చేరిన చుట్టాలకు కాఫీలు కలుపుతోంది. సరే కానీ అని ముందునుంచే వచ్చాను. కండక్టరు వాళ్ళమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఎవురప్పా ఈమె?" అంది నాయనతో. నాయన నన్ను చూశాడు, సైకిలును చూశాడు. ఒక క్షణం ఎవరో తెలియదని చెప్తాడేమో అనిపించింది. "మా పాపే" అన్నాడు చిన్నగా.

అప్పుడా అబ్బాయి లేచాడు. నా వైపు రాలేదు. సైకిలు దగ్గరికి పోయి, ఇస్త్రీ ప్యాంటు మడిచి గొంతుక్కూర్చుని వెనక చక్రంలోకి తొంగిచూశాడు. "ఈడ చివర మర ఉండాది కదా. మర ఉండాదంటే దాంట్లో ఏదో ఒకటి బిగియల్ల. ఏది అది?"

"నట్ల డబ్బాలో ఉండాది" అన్నాను.

అతను తలెత్తి నా మొహం చూశాడు. అంతవరకూ సరిగా చూడలేదు కాబోలు. చూసి, పెదవి కొరుక్కుని, ఆపుకోలేక పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. పొద్దున్నుంచీ బిగబట్టినదంతా అలా బయటికి వచ్చేసింది, ఆపుకోవడం నావల్ల కాలేదు. మా పక్క ఒక పద్ధతుంది. పెళ్ళిచూపుల్లో పిల్లను ఇష్టమా అని నోటితో అడగరు. పిల్ల తలొంచుకుంటే ఆలోచించాలి, ఏడిస్తే లేదు, నవ్విందా, ఇక అడిగేదేమీ లేదు. "పిల్ల నగినాది" అంది వాళ్ళమ్మ. "ఇంకేమి కావల్ల?" అని సంచిలోంచి ఆకూవక్కా తీసి పళ్ళెంలో పెట్టింది. కాదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. నాయన మొహం కనిపించింది. ఎన్నో ఏళ్ళుగా ఆకాశం చూసి చూసి ముడుచుకుపోయిన మొహం, ఆ పూట విప్పారి ఉంది. తెరిచిన నోరు మూసుకుని నేను లోపలికి పోయి మొహం కడుక్కున్నాను. సబ్బుకు కూడా ఒక పట్టాన పోలేదది.

తర్వాతి ఆదివారం పన్నెండు గంటల బస్సుకు బావ దిగాడు. కొత్త చొక్కా, తలకు నూనె, చేతిలో బెంగళూరు నుంచి తెప్పించిన పానా. అంగడి దగ్గరే చిచ్చా, ఆకూవక్కా పెట్టిపోయినదాంతో సహా, సంగతంతా చెప్పేశాడట. నేను సైకిలు నెట్టుకుంటూ పోయేసరికి బావ నట్ల డబ్బా బోర్లించి రింగు వెతుకుతున్నాడు. ఆరోజు చుట్టూ ఎవరూ కూర్చోలేదు. చక్రం విప్పి, చెదిరిన పళ్ళచక్రాలను మళ్ళీ వరసగా గాళ్ళలో కూర్చాడు. నేను చక్రం పట్టుకున్నాను. రింగు పెట్టి, పానా వేసి తిప్పుతుంటే కిరకిరమని బిగుస్తోంది.

"పోయిన ఆదివారమే అడిగింటే ఏమి బావా?" అన్నాను.

చిచ్చా లేచి, టీ తాగొస్తానని రోడ్డు అవతలికి పోయాడు.

బావ ఇంకొక చుట్టు తిప్పాడు. "పోయిన ఆదివారం దీన్ని బిగిచ్చే పని ఉండె కదా" అన్నాడు. పానా పట్టు సరిచేసుకుని, "అమ్మతో మాట్లాడుకోని వచ్చినా. వాన కోసం కాసుకోవద్దు, ఉండేదాంతోనే చేసుకుందాం అనింది. ఈ పూట అడుగుదామని" అన్నాడు. అన్ని మాటలు వరసగా బావ నోటి నుంచి వినడం నాకు అదే మొదలు. నేను ఏడ్చాను. ఏడుస్తున్నా చక్రం వదల్లేదు, వదిలితే పానా జారుతుందని. బావ చక్రాన్ని బండికి ఎక్కించి, చేత్తో ఒకసారి తిప్పి చూసి, "ఇంక ఊడదు" అన్నాడు. ఊడలేదు కూడా. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు దాని మీదే బడికి పోయాను.

మా ఆయన మంచివాడు. ఈ కథంతా ఆయనకు నేనే చెప్పాను. "మీ చిచ్చా ఆ రింగు బిగిచ్చింటే నువ్వు నాకు దొరికేదానివా?" అని ఇప్పటికీ ఆ అంగడి ముందు బస్సు ఆగితే చిచ్చాకు దండం పెడతాడు. బావ పుట్టపర్తిలోనే సైకిళ్ళు బాడుగకిచ్చే దుకాణం పెట్టాడు. ఇద్దరు ఆడపిల్లలు, మాటకారులు, వాళ్ళ నోటికి బావ నవ్వుతూ కూర్చుంటాడు. శుభకార్యాల్లో కనబడితే "బాగుండావా?" అంటాడు, "బాగుండా బావా" అంటాను, ఇద్దరం పక్కపక్కన కూర్చుని భోంచేస్తాం. ఏ కొరతా లేదు. అయినా ఒక్కోరోజు ఆ రేకుల కింద గోనె ముందు గొంతుక్కూర్చుని, వేలు గాడిలో పెట్టుకుని, పొద్దు ఎంతుందో చూసుకుంటున్న ఆ పిల్ల కనబడుతుంది. ఎంత తొందరో దానికి, బావను ఇంటికి తీసుకుపోయి నాయన ముందు కూర్చోబెడితే చాలనుకుంటోంది. చూస్తే నవ్వొస్తుంది. పోయి దాని పక్కన కాసేపు కూర్చుని, "నువ్వే అడుగు మే, ఆ మనిషి అడగడు" అని చెప్పి రావాలనిపిస్తుంది.